ఎనిమిది బార్ల మెలొడీతో గిటార్‌పై మైనర్ జాజ్ నేర్చుకోవడం ఎలా?

గిటార్‌పై నాలుగైదు కార్డులు పట్టుకోవడం వచ్చి, పెంటటానిక్ స్కేల్‌పై వేళ్లు తడబడకుండా నడిచే దశలో చాలామందికి జాజ్ మీదికి మనసు పోతుంది. ఆ గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే స్కేళ్ల జాబితాలు, మోడ్ల పేర్లు, పొడవాటి కార్డు గుర్తులు మీద పడతాయి. వాటన్నిటినీ కంఠస్థం చేసేసరికి నెలలు గడిచిపోతాయి గాని, ఎవరైనా ఏదైనా వాయించమంటే చేతిలో ఒక్క మెలొడీ కూడా ఉండదు. అందుకే ఇక్కడ ఎదురు దారి పడదాం. ఎ మైనర్‌లో ఎనిమిది బార్ల చిన్న మెలొడీ ఒకటి కట్టి ఇస్తున్నాను. దాన్ని గొంతుతో, వేళ్లతో, కింద నడిచే కార్డులతో కలిపి పూర్తిగా మీ సొంతం చేసుకోండి. అవసరమైన సిద్ధాంతం ఆ ఎనిమిది బార్లలో ఎక్కడ తగిలితే అక్కడే నేర్చుకుందాం.

సిద్ధం కావడం

గిటార్ ఎలక్ట్రిక్ అయినా అకూస్టిక్ అయినా పరవాలేదు. మామూలు ట్యూనింగ్ చాలు: లావు తీగ నుంచి సన్నని తీగ వరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఇందులో సన్నని తీగను 1వ తీగ అనీ, అన్నిటికంటే లావైనదాన్ని 6వ తీగ అనీ పిలుస్తాం. ఎలక్ట్రిక్ గిటార్ అయితే మెడవైపు ఉన్న పికప్‌ను ఎంచుకుని, టోన్ నాబ్‌ను సగానికి తగ్గించండి. జాజ్ గిటార్‌లో వినిపించే గుండ్రని నాదం చాలావరకు అక్కడే దొరుకుతుంది. అకూస్టిక్ అయితే బ్రిడ్జ్‌కు దూరంగా, సౌండ్ హోల్ అంచున మెడవైపు మీటండి. పిక్ కొంచెం గట్టిదిగా ఉంటే తీగను దాటేటప్పుడు అది వంగదు కాబట్టి స్వరం సమయానికి పడుతుంది. పిక్ లేకున్నా బెంగ లేదు, వెస్ మాంట్‌గోమరీ పిక్ పట్టకుండా బొటనవేలితోనే వాయించి జాజ్ గిటార్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. ఇవి కాక ఒక మెట్రోనోమ్, శబ్దం రికార్డు చేసుకోవడానికి ఒక ఫోన్ ఉంటే సరిపోతుంది.

మైనర్‌లో కదిలే రెండు స్వరాలు

మేజర్ కీలో ఏడు స్వరాలూ తమ తమ చోట్ల స్థిరంగా కూర్చుని ఉంటాయి. మైనర్‌లో మొదటి ఐదే అలా కూర్చుంటాయి. ఎ మైనర్‌లో ఆ ఐదు స్వరాలు ఎ, బి, సి, డి, ఇ. ఆరో స్వరం ఎఫ్ కావచ్చు, ఎఫ్ షార్ప్ కావచ్చు. ఏడో స్వరం జి కావచ్చు, జి షార్ప్ కావచ్చు. ఎఫ్, జి రెండూ ఉంటే నేచురల్ మైనర్, ఎఫ్‌తో జి షార్ప్ కలిస్తే హార్మోనిక్ మైనర్, ఎఫ్ షార్ప్‌తో జి షార్ప్ కలిస్తే మెలొడిక్ మైనర్. కర్ణాటక సంగీతంతో పరిచయం ఉన్నవారికి వీటి స్వరస్థానాలు వరుసగా నఠభైరవి, కీరవాణి, గౌరీమనోహరి రాగాలవే అని చెబితే వెంటనే బోధపడుతుంది. అయితే రాగంలో లాగా ఒకే స్వరసమూహంలో చివరిదాకా ఉండిపోవాలన్న నియమం జాజ్ మెలొడీకి లేదు. ఒకే పాటలో, ఒక్కోసారి ఒకే వరుసలో, ఈ మూడింటి మధ్య మెలొడీ స్వేచ్ఛగా తిరుగుతుంది.

ఈ తిరుగుడు ఇష్టారాజ్యంగా సాగదు. జి నుంచి ఎ వరకు రెండు ఫ్రెట్ల దూరం ఉంది గనుక జికి ఎ వైపు పెద్దగా లాగుడు ఉండదు. జి షార్ప్ అయితే ఎ పక్క ఫ్రెట్‌లోనే ఉంటుంది, ఇంటి గడప మీద నిలబడ్డ మనిషి లోపలికి అడుగు పెట్టకుండా ఉండలేనట్టు అది ఎ మీద వాలిపోవాలని చూస్తుంది. ఆ లాగుడు కావలసిన చోట, అంటే ఇ సెవెన్ కార్డు మోగుతున్నప్పుడు, మెలొడీ జి షార్ప్‌ను ఎంచుకుంటుంది. ఎ మైనర్ కార్డుపై తీరికగా కిందికి దిగుతున్నప్పుడు మామూలు జి సరిపోతుంది. మైనర్ జాజ్ అంటే మూడు స్కేళ్లను పైకీ కిందికీ పరుగెత్తించడం కాదు, కింద ఏ కార్డు ఉందో చూసి ఈ రెండు స్వరాలను ఎంచుకోవడం. నా అనుభవంలో ఈ ఒక్క విషయం చెవికి పట్టుబడితే మిగిలిన సిద్ధాంతం సగం తేలికవుతుంది.

నాలుగు కార్డులు

మెలొడీకంటే ముందు కార్డులను చేతికి అలవాటు చేయండి. నాలుగే నాలుగు కార్డులు, అన్నీ ఐదో ఫ్రెట్ చుట్టుపక్కలే.

ఎ మైనర్ సిక్స్: 6వ తీగ 5వ ఫ్రెట్, 4వ తీగ 4వ ఫ్రెట్, 3వ తీగ 5వ ఫ్రెట్, 2వ తీగ 5వ ఫ్రెట్. 5వ, 1వ తీగలు మోగకూడదు. 4వ తీగపై ఉన్న స్వరమే ఎఫ్ షార్ప్.

డి మైనర్ సెవెన్: 5వ తీగ 5వ ఫ్రెట్, 4వ తీగ 7వ ఫ్రెట్, 3వ తీగ 5వ ఫ్రెట్, 2వ తీగ 6వ ఫ్రెట్.

బి మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్: 6వ తీగ 7వ ఫ్రెట్, 4వ తీగ 7వ ఫ్రెట్, 3వ తీగ 7వ ఫ్రెట్, 2వ తీగ 6వ ఫ్రెట్. దీన్నే హాఫ్ డిమినిష్డ్ అని కూడా అంటారు.

ఇ సెవెన్ ఫ్లాట్ నైన్: 5వ తీగ 7వ ఫ్రెట్, 4వ తీగ 6వ ఫ్రెట్, 3వ తీగ 7వ ఫ్రెట్, 2వ తీగ 6వ ఫ్రెట్.

చివరి రెండు కార్డులనూ, ఆ తరువాత ఎ మైనర్ సిక్స్‌నూ మెల్లగా ఒకదాని వెంట ఒకటి పట్టుకుని, వేళ్లు ఎంత తక్కువ కదులుతున్నాయో గమనించండి. బి మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్ నుంచి ఇ సెవెన్‌కు వెళ్లేటప్పుడు 3వ, 2వ తీగలపై ఉన్న డి, ఎఫ్ స్వరాలు అసలు కదలవు. 4వ తీగపై ఎ స్వరం ఒక్క ఫ్రెట్ దిగి జి షార్ప్ అవుతుంది, బేస్ 6వ తీగ నుంచి 5వ తీగకు మారుతుంది, అంతే. తరువాత ఎ మైనర్ సిక్స్‌కు చేరినప్పుడు డి కాస్తా సి అవుతుంది, ఎఫ్ కాస్తా ఇ అవుతుంది, జి షార్ప్ ఎఫ్ షార్ప్‌కు దిగుతుంది. మూడు పై స్వరాలూ మెట్లు దిగినట్టు దిగి ఇంటికి చేరుతాయి. మైనర్ కీలోని జాజ్ పాటల్లో ఈ మూడు కార్డుల వరుస పదే పదే ఎదురవుతుంది, కాబట్టి దీనికి ఓ వారం పూర్తిగా కేటాయించినా దండగ కాదు.

ఎనిమిది బార్లకు కార్డుల క్రమం ఇది: మొదటి రెండు బార్లు ఎ మైనర్ సిక్స్, తరువాతి రెండు డి మైనర్ సెవెన్, ఐదో బార్ బి మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్, ఆరో బార్ ఇ సెవెన్ ఫ్లాట్ నైన్, ఏడు, ఎనిమిది బార్లు మళ్లీ ఎ మైనర్ సిక్స్. ప్రతి బార్‌కు నాలుగు బీట్లు. బీట్‌కు ఒక మీటు చొప్పున, తీగలను ఎక్కువసేపు మోగనివ్వకుండా ఎడమచేతి పట్టు సడలించి చప్పున ఆపుతూ, ఈ ఎనిమిది బార్లనూ నిమిషానికి 80 బీట్ల వేగంలో రికార్డు చేసుకోండి. ముందుగా నాలుగు బీట్లు నోటితో లెక్కపెట్టి, ఎనిమిది బార్లనూ కనీసం పదిసార్లు వరుసగా వాయించండి. కౌంట్ బేసీ జాజ్ బృందంలో 1937 నుంచి దాదాపు యాభై ఏళ్లపాటు గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్ చేసిన పని ప్రధానంగా ఇదే, బార్‌కు నాలుగు మీట్లు. వినడానికి సులువుగానే ఉంటుంది, పదో ఆవర్తానికి వేగం పెరగకుండా నిలబెట్టడంలోనే కష్టమంతా ఉంది.

మెలొడీ

ఇక అసలు మెలొడీకి వద్దాం. ప్రతి స్వరాన్నీ గిటార్‌పై ఒక్కసారి మీటి, వెంటనే గొంతుతో అందుకుని, ఆ తరువాతే పక్క స్వరానికి వెళ్లండి.

1వ బార్: మొదటి బీట్ ఖాళీ. రెండో బీట్‌కు సి, 3వ తీగ 5వ ఫ్రెట్. మూడో బీట్‌లో రెండు ఎయిత్ నోట్లు, అంటే ఒకే బీట్‌ను పంచుకునే రెండు స్వరాలు: బి, 3వ తీగ 4వ ఫ్రెట్, మళ్లీ సి. నాలుగో బీట్‌కు ఇ, 2వ తీగ 5వ ఫ్రెట్.

2వ బార్: ఎ, 1వ తీగ 5వ ఫ్రెట్, రెండు బీట్లు. మూడో బీట్‌కు జి, 2వ తీగ 8వ ఫ్రెట్. నాలుగో బీట్‌కు ఇ, 2వ తీగ 5వ ఫ్రెట్.

3వ బార్: ఎఫ్, 2వ తీగ 6వ ఫ్రెట్, మూడు బీట్లు. నాలుగో బీట్ ఖాళీ.

4వ బార్: మొదటి బీట్ ఖాళీ. రెండో బీట్‌కు డి, 3వ తీగ 7వ ఫ్రెట్. మూడో బీట్‌లో రెండు ఎయిత్ నోట్లు: సి షార్ప్, 3వ తీగ 6వ ఫ్రెట్, మళ్లీ డి. నాలుగో బీట్‌కు ఎఫ్, 2వ తీగ 6వ ఫ్రెట్.

5వ బార్: ఎ, 1వ తీగ 5వ ఫ్రెట్, రెండు బీట్లు. తరువాత బీట్‌కు ఒకటి చొప్పున ఎఫ్, 2వ తీగ 6వ ఫ్రెట్. డి, 3వ తీగ 7వ ఫ్రెట్.

6వ బార్: మొదటి బీట్‌కు ఎఫ్, 2వ తీగ 6వ ఫ్రెట్. రెండో బీట్‌లో రెండు ఎయిత్ నోట్లు: ఇ, 2వ తీగ 5వ ఫ్రెట్, డి, 3వ తీగ 7వ ఫ్రెట్. మూడో బీట్‌కు బి, 3వ తీగ 4వ ఫ్రెట్. నాలుగో బీట్‌కు జి షార్ప్, 4వ తీగ 6వ ఫ్రెట్.

7వ బార్: ఎ, 4వ తీగ 7వ ఫ్రెట్, నాలుగు బీట్లూ.

8వ బార్: నిశ్శబ్దం.

మొదటి బార్‌నూ నాలుగో బార్‌నూ పక్కపక్కన పెట్టి పాడి చూడండి. సి, బి, సి, ఇ అన్న పలుకే డి, సి షార్ప్, డి, ఎఫ్ అయి ఒక మెట్టు పైన తిరిగి వినిపిస్తుంది. సి షార్ప్ ఎ మైనర్‌కు చెందిన స్వరం కాదు. డిని కింది పక్క ఫ్రెట్ నుంచి అందుకోవడానికి వచ్చి, అర బీట్ ఉండి పోయే అతిథి అది. జాజ్‌లో ఇలాంటి స్వరాలకు కొదవ లేదు. గమ్యస్వరం సరైన చోట పడినంతకాలం దాని పక్కన ఉన్న పరాయి స్వరం తప్పుగా వినిపించదు.

వేళ్ల అమరిక

మొదటి బార్‌ను నాలుగో ఫ్రెట్ దగ్గర చెయ్యి పెట్టి వాయించాలి: బికి చూపుడు వేలు, సికి మధ్య వేలు, ఇ స్వరానికి ఉంగరపు వేలు. రెండో బార్ నుంచి చెయ్యి ఒక ఫ్రెట్ ముందుకు జరిగి ఐదో ఫ్రెట్ దగ్గర స్థిరపడుతుంది. అక్కడ 5వ ఫ్రెట్‌కు చూపుడు వేలు, 6కు మధ్య వేలు, 7కు ఉంగరపు వేలు, 8కి చిటికెన వేలు. ఈ జరుగుడు దగ్గరే చాలామంది తడబడతారు. నాలుగో బీట్‌లోని ఇ స్వరాన్ని చివరిదాకా సాగదీయకుండా కాస్త ముందే వదిలేస్తే, చూపుడు వేలు 1వ తీగ 5వ ఫ్రెట్‌కు చేరుకునే వ్యవధి దొరుకుతుంది. పైగా ఆ చిన్న కత్తిరింపు వల్ల తరువాత వచ్చే ఎ మరింత నిండుగా వినిపిస్తుంది.

ఐదో బార్‌లో మూడు స్వరాలు మూడు తీగలపై మెట్ల వరుసలా పడి ఉంటాయి: 1వ తీగ 5, 2వ తీగ 6, 3వ తీగ 7. మూడు వేళ్లనూ ఒకేసారి కార్డులా ఆనించి ఉంచే ప్రలోభం కలుగుతుంది గాని, అలా చేస్తే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మెలొడీ మసకబారుతుంది. ఒక వేలు దిగుతుండగా ముందున్న వేలు పైకి లేవాలి, అయితే తీగను పూర్తిగా వదలకుండా తేలికగా తాకుతూ ఉండాలి, అప్పుడే అది మూగబోతుంది. ఆరో బార్‌లో బి కోసం చెయ్యి జరపకండి, చూపుడు వేలిని మాత్రమే ఒక ఫ్రెట్ వెనక్కి చాచండి. వెంటనే జి షార్ప్‌కు మధ్య వేలు, ఏడో బార్‌లోని ఎకు ఉంగరపు వేలు సహజంగా వచ్చి పడతాయి. జాజ్ గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్ 1928లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎడమచేతి ఉంగరపు, చిటికెన వేళ్లు దెబ్బతిన్నాక, సోలోలను ప్రధానంగా మిగిలిన రెండు వేళ్లతోనే వాయించాడు. కాబట్టి నేను చెప్పిన అమరిక మీ చేతికి పొసగకపోతే మార్చుకోండి. కాకపోతే ఒకసారి నిర్ణయించుకున్నాక ప్రతిసారీ అదే పాటించండి.

మజిలీ స్వరాలు

మెలొడీలోని అన్ని స్వరాల బరువూ సమానం కాదు. ప్రతి బార్‌లో ఒక స్వరం దగ్గర మెలొడీ దిగి ఊపిరి తీసుకుంటుంది, దాన్ని మజిలీ స్వరం అనుకుందాం. మొదటి బార్‌లో అది సి, అంటే ఎ మైనర్‌కు మూడో స్వరం. ఇది మేజర్ కాదు మైనర్ అని చెవికి చాటేది అదే. రెండో బార్‌లో ఎ, కార్డుకు మూలస్వరం. మూడో బార్‌లో ఎఫ్, డి మైనర్‌కు మూడో స్వరం. నాలుగో బార్‌లో డి, దాని మూలస్వరం. ఐదో బార్‌లో ఎ మళ్లీ వస్తుంది గాని ఇప్పుడది మూలం కాదు, కింద బి బేస్ ఉంది గనుక ఏడో స్వరం అయింది. అదే ఫ్రెట్, అదే వేలు, కాని వినపడే రంగు వేరు. ఆరో బార్‌లో ఎఫ్, ఇ సెవెన్‌కు ఫ్లాట్ నైన్. ఆ కార్డులో అన్నిటికంటే ఘాటైన స్వరం అది, మొదటి బీట్‌లోనే పడుతుంది. ఏడో బార్‌లో ఎ, ఇల్లు.

రికార్డు చేసుకున్న కార్డులను పెట్టి, మెలొడీ మొత్తం వదిలేసి, బార్‌కు ఒక్క మజిలీ స్వరం చొప్పున మాత్రమే వాయించండి: సి, ఎ, ఎఫ్, డి, ఎ, ఎఫ్, ఎ. ప్రతిదాన్నీ బార్ మొత్తం మోగనివ్వండి. ఇలా రెండు మూడు రోజులు చేశాక మధ్యనున్న స్వరాలను తిరిగి చేర్చితే మెలొడీని గుర్తుపెట్టుకోవలసిన శ్రమ దాదాపుగా ఉండదు. ముందుముందు సొంతంగా ఇంప్రొవైజ్ చేసేటప్పుడు కూడా పట్టు దొరికేది ఈ ఏడు స్వరాల దగ్గరే.

ఇప్పుడొక చిన్న ప్రయోగం చేద్దాం. రెండో బార్ మూడో బీట్‌లోని జిని జి షార్ప్‌గా మార్చి, అంటే 2వ తీగ 9వ ఫ్రెట్‌లో వాయించి వినండి. తప్పు అనిపించదు గాని, తీరికగా దిగుతున్న వరుసలోకి అనవసరమైన బిగువు వచ్చి చేరుతుంది. తరువాత దాన్ని మామూలుగా ఉంచి, ఆరో బార్ చివరి జి షార్ప్‌ను జిగా, 4వ తీగ 5వ ఫ్రెట్‌కు మార్చండి. కింద కార్డులో జి షార్ప్ మోగుతోంది కాబట్టి రెండూ ఒరుసుకుంటాయి, ఎ మీద వాలాలన్న లాగుడు చప్పబడుతుంది. కదిలే స్వరాల గురించి పైన రాసిన రెండు పేరాలనూ చదవడం కంటే ఈ రెండు మార్పులనూ పదేసిసార్లు వినడం ఎక్కువ మేలు చేస్తుంది.

తాళం, స్వింగ్

మెట్రోనోమ్‌ను మొదట నిమిషానికి 60 వద్ద పెట్టి, ప్రతి టిక్కూ ఒక బీట్‌గా వాయించండి. వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వచ్చేవరకు వేగం పెంచవద్దు. తరువాత 40 వద్ద పెట్టి, ఆ టిక్కులను రెండో, నాలుగో బీట్లుగా భావించండి. అప్పుడు అసలు వేగం 80 అవుతుంది. మొదట్లో చెవి ఒప్పుకోదు, టిక్కును మొదటి బీట్‌గానే పట్టుకుంటుంది. వాయించే ముందు టిక్కు పడినప్పుడల్లా “రెండు”, “నాలుగు” అంటూ పైకి పలికి, మధ్యలో “ఒకటి”, “మూడు” మీరే చేర్చి, అది కుదురుకున్నాక గిటార్ అందుకోండి. స్వింగ్ సంగీతంలో చప్పట్లు పడేదీ, డ్రమ్మర్ హై-హ్యాట్‌ను కాలితో మూసేదీ ఈ రెండో, నాలుగో బీట్ల మీదే గనుక, ఈ అలవాటు పడితే బృందంతో వాయించేటప్పుడు కొత్తగా అనిపించదు.

ఎయిత్ నోట్ల జంటలు మన మెలొడీలో మూడే ఉన్నాయి: ఒకటి, నాలుగు, ఆరు బార్లలో. వాటిని సమానంగా వాయిస్తే అది జాజ్‌లా వినిపించదు. బీట్‌ను మూడు ముక్కలుగా ఊహించుకుని మొదటి స్వరానికి రెండు ముక్కలు, రెండోదానికి ఒక ముక్క ఇవ్వండి. ఇది మెల్లని, మధ్యస్థ వేగాలకు సరిపోయే లెక్క. వేగం పెరిగేకొద్దీ ఆ జంట సమానానికి దగ్గరవుతుంది. బీట్ మీద పడే స్వరానికి పిక్ కిందికి, మధ్యలో పడే స్వరానికి పైకి నడపండి. రెండో స్వరాన్ని రవ్వంత గట్టిగా మీటడం మరిచిపోవద్దు. కొత్తవారు దాన్ని పొట్టిగా చేయడంతో పాటు బలహీనంగా కూడా చేస్తారు, దానితో మెలొడీ కుంటుతున్నట్టు ఉంటుంది.

ఖాళీ బీట్ల గురించి ఒక మాట. నేను ఇలాంటి మెలొడీ ఒకటి ట్యాబ్ (తీగలు, ఫ్రెట్ల అంకెలతో రాసిన కాగితం) చూసి కంఠస్థం చేసి, మొదటిసారి ఒక బేసిస్ట్ పక్కన కూర్చుని వాయించినప్పుడు, ప్రతి ఆవర్తం చివరా ఒక బీట్ ముందే మొదలుపెట్టేవాణ్ణి. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి; నిశ్శబ్దాన్ని ఎప్పుడూ లెక్కపెట్టలేదు, అంతే. ఇక్కడ కూడా ఎనిమిదో బార్‌లో నాలుగు, తిరిగి మొదలయ్యే బార్‌లో ఒకటి, మొత్తం ఐదు బీట్లు మీ చేతులు ఊరికే ఉంటాయి. ఆ ఐదింటినీ పాదంతో తడుతూ, కింద కార్డును వింటూ గడపండి.

పలుకు తీర్చడం

స్వరాలు, తాళం కుదిరాక మెలొడీ మాట్లాడడం మొదలుపెట్టాలి. మొదటి బార్‌లో బిని మీటి, సిని మీటకుండా హామర్-ఆన్‌తో, అంటే ఎడమచేతి వేలిని ఫ్రెట్‌పై గట్టిగా దింపి, పలికించండి. నాలుగో బార్‌లో సి షార్ప్ నుంచి డికీ అలాగే. రెండో బార్‌లోని ఎను 1వ తీగ 4వ ఫ్రెట్ నుంచి జారుతూ అందుకోండి, అయితే జారుడు బీట్‌కు ముందే మొదలై ఎ సరిగ్గా బీట్ మీద పడాలి. మూడో బార్‌లోని ఎఫ్‌ను మొదటి రెండు బీట్లు నిటారుగా నిలిపి, మూడో బీట్‌లో మాత్రమే కొద్దిగా వైబ్రాటో ఇవ్వండి. మొదటి క్షణం నుంచే తీగను ఊపితే జాజ్ పలుకు పోయి బ్లూస్ రాక్ పలుకు వస్తుంది; అదీ అందమైనదే, కాని ఈ మెలొడీకి నప్పదు. ఈ నాలుగు చోట్ల తప్ప మరెక్కడా అలంకారం వద్దని నా సలహా.

ఆ తరువాత మొదటి బార్‌లోని పలుకును అర బీట్ ఆలస్యంగా మొదలుపెట్టి చూడండి. రెండో బీట్‌కు రావలసిన సి దాని తరువాతి సందులో పడుతుంది, బి, సి, ఇ ముగ్గురూ మిగిలిన కాస్త చోటులో సర్దుకోవాలి. ఎక్కడ సర్దుకున్నా రెండో బార్ ఎ మాత్రం సమయానికి రావాలి. గాయకులు మాటలను వెనక్కి లాగి పాడినట్టే ఇది. ఒకే పద్ధతిలో పదిసార్లు వాయించడం వచ్చినవారికే ఈ వెసులుబాటు చెల్లుతుందని వేరే చెప్పనక్కరలేదు.

వేరే చోట్లకు తీసుకెళ్లడం

ఈ మెలొడీలోనూ కార్డుల్లోనూ ఓపెన్ తీగ ఒక్కటి కూడా వాడలేదు. అందువల్ల చెయ్యి మొత్తం మూడు ఫ్రెట్లు పైకి జరిపితే సి మైనర్, రెండు ఫ్రెట్లు కిందికి జరిపితే జి మైనర్ వచ్చేస్తాయి. జరిపిన ప్రతిసారీ మజిలీ స్వరాల పేర్లను పైకి చెప్పుకోండి, లేకపోతే వేళ్లకు తెలిసింది బుర్రకు తెలియకుండా పోతుంది. జి మైనర్‌లో అవి బి ఫ్లాట్, జి, ఇ ఫ్లాట్, సి, జి, ఇ ఫ్లాట్, జి.

తరువాత అదే ఎ మైనర్ మెలొడీని ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద వెతుక్కోండి. మొదటి సి 5వ తీగ 3వ ఫ్రెట్‌లో ఉంది, చివరి ఎ 6వ తీగ 5వ ఫ్రెట్‌లో ఉంది. మధ్యవి నేను చెప్పను, గొంతుతో పాడుకుంటూ చెవితోనే పట్టుకోండి. రెండు చోట్లా వచ్చాక వాటిని కలిపి ఆక్టేవ్‌లుగా వాయించవచ్చు: 5వ తీగ 3వ ఫ్రెట్‌పై చూపుడు వేలు, 3వ తీగ 5వ ఫ్రెట్‌పై ఉంగరపు వేలు, మధ్యలోని 4వ తీగను చూపుడు వేలి లోపలి వైపుతో తాకి మూగబరచాలి. మాంట్‌గోమరీ సోలోల్లో మెలొడీ మధ్యలో ఉన్నట్టుండి లావెక్కి వినిపించడానికి ఈ పట్టే కారణం. మొదట మజిలీ స్వరాలను మాత్రమే ఇలా వాయించి, ఎయిత్ నోట్ల జంటలను ఒంటి స్వరాలుగానే వదిలేయండి.

ఇంతవరకు వచ్చాక, ఎనిమిదో బార్‌లోని నిశ్శబ్దాన్ని ఒక ఆవర్తంలో వదిలిపెట్టి, మరో ఆవర్తంలో మీ సొంత పలుకుతో నింపండి. మూడు స్వరాలు మించవద్దు, ఆఖరుది ఇ స్వరం కానివ్వండి, తిరిగి మొదలయ్యే బార్‌లోని ఖాళీ బీట్‌ను మాత్రం ముట్టుకోవద్దు. వాయించిన ప్రతి ప్రయత్నాన్నీ రికార్డు చేసి, మరుసటి రోజు గిటార్ పట్టుకోకముందే వినండి.